రాజుగారు ఇంకా తినలేదు

రాచగుట్ట కోట చౌకీదారు మొగిలి చెప్పే కథలో రాజుగారు పదకొండేళ్లుగా కంచం ముందు కూర్చుని ఉన్నారు. ఇంతవరకు ఒక్క ముద్ద నోట్లో పెట్టలేదు. కలుపుతారు, ఎత్తుతారు, నోటిదాకా తెస్తారు. అంతలో ఎవరో ఒకరు వస్తారు. వేగులవాడు వస్తాడు, ఏనుగు మావటి వస్తాడు, పొరుగు రాజ్యం రాయబారి వస్తాడు. ఒకసారి మంగలి కూడా వచ్చాడు. రాజుగారు ముద్దను మళ్లీ కంచంలో పెట్టి, ఏమైందని అడుగుతారు. ఏమైందో మొగిలి చెబుతాడు. అది చెప్పడానికి రెండు గంటలు పడుతుంది. అది అయ్యాక రాజుగారు మళ్లీ ముద్ద ఎత్తుతారు.

వినేవాడు ఊ కొట్టాలి. కొట్టకపోతే మొగిలి కోప్పడడు, విసుక్కోడు. రాజుగారు చేతులు కడుక్కునే చోటి నుంచి కథ మళ్లీ అందుకుంటాడు. కరీంనగర్ వకీలు ఒకాయన కాస్త కునుకు తీసినందుకు రాజుగారు ఒకే మధ్యాహ్నం నాలుగుసార్లు చేతులు కడుక్కోవలసి వచ్చింది. ఇది ఆ వకీలు స్వయంగా పైవాళ్లకు రాసిన ఫిర్యాదులో ఉంది. పది నిమిషాలు కోట చూసి పోదామని వచ్చిన తనను సాయంత్రం దాకా కూర్చోబెట్టాడనీ, అంతచేసీ రాజు అన్నం తిన్నాడో లేదో చెప్పలేదనీ ఆయన బాధ.

ఆ ఫిర్యాదుల కట్ట ఇప్పుడు జనార్దన్‌రావు చేతిసంచిలో ఉంది. ఆయన పాత కట్టడాల శాఖలో ఇన్‌స్పెక్టరు. కట్టలో అడుగున ఉన్న కాగితాలు ఉర్దూలో, నడుమవి ఇంగ్లీషులో, పైవి తెలుగులో ఉన్నాయి. ప్రభుత్వాలు మారాయి గాని ఫిర్యాదు మారలేదు. చిత్రమేమిటంటే సగంమంది ఆ చౌకీదారు నోరు విప్పడని రాశారు. మిగతా సగం నోరు మూయడని రాశారు. పై అధికారి ఎర్రసిరాతో అట్టమీద ఒక మాట రాసి పంపాడు: "ఇవన్నీ ఒక్క మనిషి గురించేనా? వెళ్లి చూడండి. నిజమైతే తీసేయండి."

ఈ పని జనార్దన్‌రావు తానే అడిగి తీసుకున్నాడు. ఆరు నెలలుగా ఏ టూరు ఉన్నా ఆయనే అడిగి తీసుకుంటున్నాడు. భాద్రపదంలో భార్య ప్రమోదిని జ్వరంతో పోయింది. పన్నెండో రోజు దాటగానే ఇంటికి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని తిరగడం మొదలుపెట్టాడు. అప్పటినుంచి తొమ్మిది కోటలు, మూడు మ్యూజియంలు, ముక్కులు పోయిన దేవతలు, తలలు పోయిన వీరులు. ఎక్కడికి పోయినా చూడవలసింది చచ్చినవాళ్ల సామానే. ఆయనకు అది ఇబ్బందిగా లేదు. బతికున్నవాళ్లు అయితే భోంచేశారా అని అడుగుతారు.

వెయ్యిన్ని తొమ్మిదివందల అరవై, ఫాల్గుణం. పెద్దపల్లిలో రైలు దిగి, ఎద్దుబండి కట్టించుకుని, రాచగుట్ట చేరేసరికి పొద్దు బాగా ఎక్కింది. గుట్ట చుట్టూ మోదుగులు విరగబూసి ఉన్నాయి. కోట చూడవచ్చేవాళ్లందరూ హోళీకీ ఉగాదికీ నడుమ ఈ పదిహేను రోజుల్లోనే వస్తారు. ఆ తర్వాత రాళ్లు కాలుతాయి, కాళ్లు నిలవవు.

దర్వాజా దగ్గర నీడలో సమ్మవ్వ అనే ముసలామె మజ్జిగ కుండ పెట్టుకుని కూర్చుని ఉంది. ఆమె జనార్దన్‌రావును కాదు, ఆయన వెనక దారిని చూసింది. ఇంకెవరూ రావడం లేదని నిశ్చయించుకున్నాక అడిగింది.

"ఒక్కనివే వచ్చినవా కొడుకా?"

"ఒక్కణ్ణే."

"అయితే సల్ల కడుపునిండ తాగిపో. మల్ల పొద్దు వాలినంక గని బయటవడవు."

"నాకు మూడు గంటలకు రైలుంది."

"గట్లనే అంటరు," అని ఆమె ముంత నింపింది. "ఓ మొగిలీ! ఒక్కలొచ్చిండ్రు!" అని లోపలికి కేక కూడా వేసింది. ఊళ్లో దొంగలు పడ్డప్పుడు వేసే కేక అది.

"చౌకీదారు ఎక్కడుంటడు?"

"గా ఫిరంగికాడ. సద్దిమూట దాని మూతికి తగిలేస్తడు. లోపల ఎవ్వలన్న ఒక్కలుంటె మూట ఇప్పడు, తినడు. గుండ్లు మింగి మింగి ఫిరంగికి రోత పుట్టిందట, ఇప్పుడు జొన్నరొట్టె అలవాటు చేస్తున్నడు."

లోపల హుస్నాబాద్ బడిపిల్లలు నలభైమంది వరుసగా నిలబడి ఉన్నారు. వాళ్ల పంతులు బుచ్చిరాములు చేతిలో నోటుబుక్కు పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. వాళ్లకు ఎదురుగా మొగిలి ఉన్నాడు. పొట్టి మనిషి, పెద్ద చెవులు, ఒంటిమీద కొలతకు మించిన ఖాకీ కోటు. ఆ కోటు అంతకుముందు ఇంకో ప్రభుత్వంలో ఇంకో మనిషి తొడుక్కున్నది. అతను చెయ్యెత్తి చూపిస్తూ కోట చరిత్ర చెప్పాడు.

"గిది గోడ. గది ఫిరంగి. గా బాయి దిక్కు ఎవ్వలు పోవద్దు. ఇగ పోండ్రి."

బుచ్చిరాములు కలం గాలిలో ఆగిపోయింది. "అరే, చరిత్ర చెప్పవయ్యా! పిల్లలు గంత దూరం నుంచి వచ్చిండ్రు."

"చరిత్ర అయిపోయింది సారూ."

"ఎప్పుడయింది?"

"మీరు రాకముందే."

పిల్లలు కిలకిలా నవ్వారు. పంతులు పళ్లు కొరికి, పక్కనున్న రెండు గదుల్లోకి వాళ్లను తోలుకుపోయాడు. ఆ గదులే అక్కడి మ్యూజియం, ఊరివాళ్ల మాటలో అజాయబ్‌ఖానా. తుప్పుపట్టిన కత్తులు, ఫిరంగి గుండ్లు, ఎవరివో ఎముకలున్న మట్టికుండలు, యుద్ధంలో పడిపోయినవాళ్లను చెక్కిన రాళ్లు. పేర్లు లేవు. పిల్లలు ఎముకల కుండలో తొంగిచూసి కేరింతలు కొట్టి, పులిహోర తిని, మధ్యాహ్నానికి దిగిపోయారు. అంతసేపూ మొగిలి బావి దారికి అడ్డంగా రాయిలా నిలబడ్డాడు.

జనార్దన్‌రావు పుస్తకం తీసి రాసుకున్నాడు: "మొదటి రకం ఫిర్యాదు నిజం." తను ఎవరో ఇంకా చెప్పలేదు. రెండో రకం కూడా తేల్చుకుని, అప్పుడు చెప్పి, కాగితం చేతిలో పెట్టి, మూడు గంటల రైలుకు పోవాలని ఆయన ఆలోచన.

మొగిలి బడిపిల్లల వెనక దర్వాజా దాకా పోయినప్పుడు ఆయన బావి దగ్గరికి నడిచాడు. అది కోటలో ఏనుగులు నీళ్లు తాగడానికి తవ్విన దిగుడుబావి. మెట్లు వెడల్పుగా, నున్నగా, లోపలికి చీకట్లోకి పోతున్నాయి. చుట్టూ గోడలేదు. గోడ కట్టించాలని ఫైలులో ఏటేటా ఒక కాగితం ఉంది. ఆయన పై మెట్టుమీద కూర్చున్నాడు. కొత్త బూట్లు పొద్దుటి నుంచి కరుస్తున్నాయి. అవి కొని ఏడాదైంది, వేసుకోవడం మాత్రం ఇదే మొదటిసారి. రెండూ విప్పి పక్కపక్కన పెట్టాడు. కింది నీళ్లు నల్లగా, నిశ్చలంగా ఉన్నాయి. చూస్తూ ఉండిపోయాడు.

వెనకనుంచి దబదబా అడుగుల చప్పుడు. తిరిగి చూసేలోపే మొగిలి ఆయనను దాటి ఒక మెట్టు కిందికి దిగి, ఆయనకూ నీళ్లకూ నడుమ కూలబడ్డాడు. ఊపిరి అందడం లేదు. అయినా మొదలుపెట్టాడు.

"సారూ! రాజు, తినెటందుకు కూసున్నడు!"

"ఏ రాజు?"

"తినేటప్పుడు పేరెందుకు సారూ. రాజు చేతులు కడుక్కున్నడు. ఊ అను."

"చూడు, నేనెవరో తెలుసా? నేను హైదరాబాద్ నుంచి..."

"ఊ అనలే. రాజు మల్ల చేతులు కడుక్కున్నడు."

"అరే, నా మాట..."

"రాజు మల్ల చేతులు..."

"ఊ!" అన్నాడు జనార్దన్‌రావు, పళ్ల సందుల్లోంచి.

మొగిలి ముఖం విప్పారింది. "బంగారు కంచం. గా కంచంల ఏమేమున్నయి? జొన్నరొట్టె. ఎల్లిపాయ కారం. చాపల పులుసు. సర్వపిండి. పూరన్‌పోళీ. గారెలు. ఉప్మ. ఉస్మానియా బిస్కీట్లు రెండు..."

"ఆగు. ఈ కోట కట్టి ఆరువందల ఏండ్లయింది. ఉప్మా ఎక్కడిది? బిస్కెట్లు ఎక్కడివి?"

"రాజుకేం తక్కువ సారూ. హైద్రాబాద్ నుంచి తెప్పిచ్చిండు."

"అప్పటికి హైదరాబాదే లేదు!"

"అందుకే సారూ, గంత ఆలస్యమైంది. ఊ అను."

జనార్దన్‌రావు పుస్తకంలో "చరిత్ర పేరిట అబద్ధాలు" అని రాసి రెండు గీతలు గీశాడు. ఇంతలో రాజుగారు ముద్ద ఎత్తారు. వేగులవాడు వచ్చాడు. వేగులవాడి గుర్రానికి కాలు నొప్పి. కాలికి కట్టు కట్టిన వైద్యుడికి ఇద్దరు భార్యలు. చిన్న భార్య పుట్టిల్లు బాసర దగ్గర, గోదావరి ఒడ్డున. అక్కడ పడవవాడికి చెవుడు. జనార్దన్‌రావు లేవబోతే మొగిలి కోటు అడ్డం వచ్చేది, ఊ మానేస్తే రాజుగారు చేతులు కడుక్కునేవారు. ఎక్కడో దూరంగా రైలు కూత వినిపించింది. మూడు గంటల రైలు.

"నీకేం ఇష్టం సారూ?" అన్నాడు మొగిలి హఠాత్తుగా, పడవవాణ్ణి నట్టేట్లో వదిలి.

"ఏమిటి?"

"తినేటందుకు."

"నాకేమీ ఇష్టం లేదు."

"ఏదో ఒగటుంటది."

"లేదన్నాను కదా!"

"రాజు చేతులు కడుక్కున్నడు."

రాజుగారి చేతులు మూడోసారి తడిసేసరికి జనార్దన్‌రావు ఓపిక తెగిపోయింది. "చింతచిగురు పప్పు! చాలునా?" అని అరిచాడు. ఆ మాట బావిలోకి పోయి మళ్లీ పైకి వచ్చింది.

"ఎవలు వండుతరు?"

"నా భార్య వండేది. ఇప్పుడు లేదు."

మొగిలి అయ్యో అనలేదు. పోయినోళ్లు పోయిండ్రు, ఉన్నోళ్లు ఉండాలె అని కూడా అనలేదు. ఆ మాట ఆరు నెలల్లో చాలామంది చెప్పి ఉన్నారు. అసలు తెలియవలసింది అడిగాడు.

"ఉప్పెక్కువేస్తుండెనా, తక్కువనా?"

"ఎక్కువే." జనార్దన్‌రావు నీళ్లవైపు చూశాడు. "ఎక్కువైంది అంటే, మరునాడు ఇంకొంచెం వేసేది."

"గట్లనే ఉండాలె," అన్నాడు మొగిలి. పడవవాడి దగ్గరికి తిరిగి వెళ్లాడు.

ఎండ పడమటి గోడకు చేరినవేళ దర్వాజా దగ్గర గొడవ వినిపించింది. అంబదాస్ వచ్చాడు. అతను బొగ్గుబాయిలో పనివాడు, ఆసిఫాబాద్ వైపు మనిషి. వెంట భార్య, ముగ్గురు పిల్లలు, చేతిలో ఇత్తడి డబ్బా. మొగిలి అక్కణ్ణుంచే చెయ్యి ఊపి, "గిది గోడ, గది ఫిరంగి," అని కేకేసి, కథలో పడిపోయాడు.

"చూడండి సాహెబ్, చూడండి!" అంబదాస్ నేరుగా జనార్దన్‌రావుకే మొరపెట్టుకున్నాడు. "మూడేండ్ల సంది వస్తున్న. పెండ్లాం పిల్లలతోటి వస్తె గోడ, ఫిరంగి! ఒక్కణ్ణి వస్తె అయిదు గంటలు! గిదేం ఇన్సాఫ్?"

జనార్దన్‌రావు ఆ సందు చూసుకుని బూట్లు చేత్తో పట్టుకుని లేచాడు. అంబదాస్ మెట్టుమీద మొగిలి పక్కన డబ్బా పెట్టి, ఆయన వెనకే వచ్చాడు. దర్వాజా నీడలో సమ్మవ్వ ఇద్దరికీ సల్ల పోసింది.

"నీ దగ్గర రాతపూర్వకంగా ఫిర్యాదు తీసుకుంట," అన్నాడు జనార్దన్‌రావు పుస్తకం తెరుస్తూ. "నేను ఇన్‌స్పెక్టర్ని. ఈ మనిషిని తీసేసేందుకు వచ్చిన."

అంబదాస్ చేతిలో ముంత అలాగే ఉండిపోయింది. సమ్మవ్వ కూడా ముఖం ఎత్తింది.

"అరే బాబా! తీసేస్తవా?" అంబదాస్ గొంతు తగ్గించాడు. భార్యాపిల్లలు ఫిరంగి దగ్గర ఉన్నారో లేదో చూసుకున్నాడు. "విను సాహెబ్. మూడేండ్ల కింద బొగ్గుబాయిల కప్పు కూలింది. గా దినం నాకు జరం. నా పాళీకి నా తమ్ముడు పోయిండు. బస్. ఆనికి పందొమ్మిదేండ్లు. పదిహేను దినాలు ఇంట్ల కూసున్న. పదారో దినం ఒక్కణ్ణే గీడికి వచ్చిన. గా మెట్టుమీదనే చెప్పులు ఇడ్సిన. గీ పాగల్ ఉరికొచ్చి రాజు అన్నం ఎత్తుకున్నడు! ఊ అనమంటడు. ఎంతసేపని ఏడుస్త సాహెబ్? ముందుగాల ఏడుపు అయిపోయింది. ఎన్క కోపమొచ్చింది. ఆఖరికి ఆకలైంది. నేనే అడిగిన, 'తిన్నడా లేదా నీ రాజు?' అని. గంతే, లేసి నిలవడి 'రేపు రా' అన్నడు. తెల్లారి వచ్చిన. నాలుగు దినాలు వచ్చిన. అయిదో దినం డ్యూటీకి పోయిన."

జనార్దన్‌రావు ఏమీ రాసుకోలేదు.

"పూరన్‌పోళీ మా ఆయి, మా అమ్మ, చేస్తుండె," అన్నాడు అంబదాస్. "గా దినం అడిగిండు, చెప్పిన. కంచంల వెట్టిండు. ఏటేట నేను నిజంగ తెస్త. ఆడు తింటడో, రాజుకు పెడ్తడో నాకెరుక లేదు."

"మరి ఆ బిస్కెట్లు?"

"నర్సమ్మవి," సమ్మవ్వ చెప్పింది. "పట్నం పిల్ల. దవాఖాన్ల పనిచేస్తుండె. మొన్న పెండ్లి కారటు పంపింది. ఉప్మ ఒక పంతులుది. ఇప్పుడు గుట్టకింద బడిల్నే చెప్తున్నడు. చాపల పులుసు పెద్దపల్లి రైలు పట్టాల కాడ పనిచేసేటోనిది."

"గారెలు?"

"గవి వకీలువి." సమ్మవ్వ నిట్టూర్చింది. "గాయిన పాపం, నిజంగనే కోట చూడ వచ్చిండట. ఏం జేస్తం కొడుకా? ఎవని మొగాన రాసుంటది? ఒక్కడొచ్చిండు, పట్టుకున్నం."

జనార్దన్‌రావు వేళ్లమీద కంచం తిరగేసుకుంటున్నాడు. "సర్వపిండి ఎవరిది?"

"నాది," అంది సమ్మవ్వ. సల్లకుండ మీద మూత సరిగ్గానే ఉంది, అయినా తీసి మళ్లీ పెట్టింది.

అప్పుడు జనార్దన్‌రావుకు ఇంకో సంగతి తట్టింది. ఆయన ముఖం ఎర్రబడింది. బూట్లు చేతిలో పట్టుకుని, వట్టికాళ్లతో, బావి దగ్గరికి చరచరా వెనక్కి నడిచాడు.

"ఏయ్ మొగిలీ! నేను చావడానికి వచ్చిననుకున్నవా? ఇన్‌స్పెక్టర్ని, ఆరు నెలల్ల తొమ్మిది కోటలు తిరిగి, నిన్ను తీసేసేందుకు వచ్చిన!"

మొగిలి డబ్బా మూత తెరవకుండానే పక్కన పెట్టుకుని అదే మెట్టుమీద ఉన్నాడు. "నాకేమెరుక సారూ. ఒక్కనివి వచ్చినవు. చెప్పులు ఇడిసినవు."

"బూట్లు కరిచినయి! కరిచినయి కాబట్టి విప్పిన! చూడు!" అని మడమ ఎత్తి చూపించాడు. హైదరాబాద్ నుంచి వచ్చిన ఇన్‌స్పెక్టరు ఒంటికాలిమీద నిలబడి చౌకీదారుకు మడమ చూపించడం ఆ కోట చరిత్రలో అదే మొదటిసారి.

మొగిలి ముందుకు వంగి, అజాయబ్‌ఖానాలో కొత్తగా వచ్చిన వస్తువును చూసినట్టు చూశాడు. "నిజమే. పొక్కింది," అని ఒప్పుకున్నాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు, "మరి పొక్కంగ పొక్కంగ గిన్ని కోటలు ఒక్కనివే ఎందుకు తిరుగుతున్నవు సారూ?"

జనార్దన్‌రావు కాలు కిందికి దించాడు. దానికి జవాబు ఉందో లేదో ఎన్నడూ వెతుక్కోలేదు. మెట్టుమీద కూర్చున్నాడు. మొగిలి ఎప్పటిలాగే ఒక మెట్టు కింద.

"నువ్వు చెప్పేది అబద్ధం కదా మొగిలీ. రాజూ లేడు, కంచమూ లేదు. పోనీ, ఆ రాజుచేత ఒక్క ముద్ద తినిపిస్తే నీ సొమ్మేం పోయింది?"

మొగిలి డబ్బాను ఇంకొంచెం పక్కకు జరిపాడు. ఎదుటివాడు ఊ అనకపోయినా అతను మొదటికి వెళ్లకపోవడం అదే మొదలు.

"పోలీస్ యాక్షన్ అయిన మరుసటేడు సారూ," అన్నాడు చివరికి. "నౌకరిల కొత్తగ చేరిన. గిదే కాలం, మోదుగుపూలు పూసినయి. ఒక పిలగాడొచ్చిండు, పర్శరాములు అని, గీ కింది ఊరోడే. ఆని ఇంట్ల ఆడు తప్ప ఎవ్వలు మిగలలే గా గడబిడల. నేను తింటున్న. రొట్టె చేతిల ఉన్నది. ఆడు అంత తిరిగొచ్చి అడిగిండు, 'అన్నా, ఇంకేమన్న ఉన్నదా చూసెటందుకు?' అని."

బావిలో పావురం ఒకటి రెక్కలు కొట్టుకుని సద్దుమణిగింది.

"నా నోటినిండ బుక్క ఉన్నది సారూ. తలకాయ గూడ ఎత్తలే. 'ఏం లేదు, గింతే' అన్న."

మిగతాది అతను చెప్పవలసిన పని లేదు. ఈ బావి గురించి ఆ ఏటి పోలీసు కాగితం ఫైలు అడుగున, ఉర్దూలో, ఒకటిన్నర వాక్యంలో ఉంది. జనార్దన్‌రావు రైల్లో దాన్ని తిప్పేశాడు.

"గుంపులోల్లకు నేనెందుకు సారూ? ఒగలకొగలు ఉంటరు. గోడ సూపెడ్తె సాలు. ఒక్కడు వస్తె ఆనికి ఇంక ఉన్నదని చెప్పాలె. ఎంత చెప్పినా ఇంక ఉండాలె. రాజు తిన్నడంటె కథ అయిపాయె. ఇగ తీసేస్తె తీసేయి. గని ఎన్కొచ్చేటోనికి కంచంల ఏమున్నయో జర రాసియ్యి. మరిసిపోతడు."

ఫిరంగి దగ్గర అంబదాస్ పిల్లలు గోలచేస్తున్నారు. దాని మూతికి సద్దిమూట ఇంకా వేలాడుతూనే ఉంది. మధ్యాహ్నం తినవలసింది, పొద్దున కట్టింది. జనార్దన్‌రావు పుస్తకం తెరిచాడు, మూశాడు. జేబులో తాళంచెవి గుచ్చుకుంటే తీసి పక్క జేబులో వేసుకున్నాడు. ఎంతసేపు గడిచిందో, ఆయనకే తెలియకుండా నోటి నుంచి ఒక మాట వచ్చింది.

"ఇంతకూ ఆ పడవవాడు... చెవిటివాడు. వానికి కేక వినపడిందా? తర్వాతేమైంది?"

మొగిలి ఆయన ముఖంలోకి ఒకసారి చూశాడు. లేచి, కోటు దులుపుకుని, తిన్నగా ఫిరంగి దగ్గరికి పోయి, సద్దిమూట విప్పి, అక్కడే కింద కూర్చుని ఎండిన జొన్నరొట్టె తినడం మొదలుపెట్టాడు. పెద్ద బుక్కలు. ఒక్కొక్కటి నమలడం పూర్తికాకముందే ఇంకొకటి.

"అయ్యో, జల్ది ఇడిసిపెట్టిండు!" అని దర్వాజా దగ్గర సమ్మవ్వ గట్టిగా అంది. "నాకైతే మూడు దినాలు పట్టింది!"

"పడవవాని సంగతి చెప్పవా?" జనార్దన్‌రావు అక్కణ్ణుంచే కేకేశాడు.

"రేపు రా సారూ," అన్నాడు మొగిలి, నోటినిండా రొట్టెతో.

ఆయన రేపు కూడా వచ్చాడు. ఎల్లుండి హైదరాబాద్ పోయి రిపోర్టు రాశాడు. ముప్ఫై ఏళ్ల నౌకరీలో ఆయన రాసిన రిపోర్టుల్లో అంత పనికిమాలినది ఇంకొకటి లేదు. "చౌకీదారు వాంగ్మూలం తీసుకోవడం జరుగుతున్నది. వాంగ్మూలం మిక్కిలి పొడవు. రాజుగారి భోజనం దాకా వచ్చినది. పూర్తి అయ్యేదాకా చౌకీదారును కదిలించరాదు. బావి చుట్టూ వెంటనే కటకటాలు వేయించవలెను. మిగిలిన విచారణ వచ్చే వసంతంలో." పై అధికారి ఎర్రసిరాతో ఒక ప్రశ్నార్థకం వేసి, ఆ ఏడే రిటైరయ్యాడు. తర్వాత వచ్చినాయన ఫైలు చదవడానికి భయపడి "కొనసాగించండి" అని రాశాడు. ఆ విచారణ అలా ఏటేటా కొనసాగింది. కటకటాలు మాత్రం రెండేళ్లకు వచ్చాయి. వాటికి చేరగిలబడి కథ చెప్పడం మొగిలికి ఇంకా సుఖంగా ఉంది.

అరవైనాలుగులో విచారణకు వచ్చినప్పుడు జనార్దన్‌రావు వెంట శాఖలో కొత్తగా చేరిన సీతారాంరావు అనే గుమాస్తా కూడా ఉన్నాడు. సమ్మవ్వ వాళ్ల వెనక దారి చూసే పని పెట్టుకోలేదు. ఇద్దరికీ చెరో ముంత పోసి, "పోండ్రి, పోండ్రి," అంది. లోపల మొగిలి కటకటాల దగ్గర ఉన్నాడు. తలైనా తిప్పకుండా చెయ్యి ఊపాడు.

"గిది గోడ. గది ఫిరంగి."

"ఇదేమిటి సార్?" సీతారాంరావు నొచ్చుకున్నాడు. "నాలుగేళ్ల నుంచి మీరు విచారిస్తున్నది ఈ మనిషినేనా? మీకైనా కొంచెం చెప్పొచ్చు కదా?"

జనార్దన్‌రావుకూ కొంచెం కష్టంగానే ఉంది. నాలుగేళ్లు తిరిగి గోడా ఫిరంగీ మాత్రమే దక్కితే ఎవరికైనా కష్టమే. మొగిలీ అని పిలవబోయి ఆగాడు. ఫిరంగి మూతికి సద్దిమూట విప్పకుండా వేలాడుతోంది. కటకటాల ముందు పై మెట్టుమీద ఒక జత చెప్పులు పక్కపక్కన ఉన్నాయి, చిన్నవి, తెగిన పట్టీ గుడ్డపేలికతో కట్టినవి.

ఆయన గుమాస్తా భుజంమీద చెయ్యివేసి, చప్పుడు కాకుండా వెనక్కి తిప్పాడు.

"...ఉస్మానియా బిస్కీట్లు రెండు," మొగిలి గొంతు వినిపిస్తోంది. "చింతచిగురు పప్పు. ఉప్పు జర ఎక్కువ. ఎక్కువన్నవనుకో, రేపు ఇంకింత ఏస్తరు. ఊ అను బిడ్డా."

కాసేపు ఏ చప్పుడూ లేదు. రాజుగారు చేతులు కడుక్కోవడానికి లేవబోతున్నారు.

"ఊ," అంది మొగిలి కోటు చాటునుంచి సన్నని గొంతు ఒకటి.